గోడ దాకా వచ్చిన పరుపు

పరుపులాయన నవ్వితే కనుబొమల మీంచి దూది రాలుతుంది. తుమ్మితే ఇంకాస్త రాలుతుంది. పొద్దున నల్లటి జుట్టుతో షాపులోకి వెళ్లిన మనిషి మధ్యాహ్నం భోజనానికి పండు ముసలాడై వెనక గదిలోకి వస్తాడు. భార్య గుమ్మం దగ్గరే ఆపి, తువ్వాలుతో తల దులిపి, వయసు తగ్గించి మరీ లోపలికి రానిస్తుంది.

ముందు షాపు, వెనక ఒక గది, ఆ వెనక వంటిల్లు. అంతే ఆ ఇల్లు. షాపు మూలన దూది ఏకే యంత్రం ఉంది. అది తిరుగుతుంటే కిటికీ అద్దాలు వణుకుతాయి, వంటింట్లో గ్లాసులు ఒకదానితో ఒకటి కబుర్లాడుకుంటాయి. ఆ మోత మీద మాట్లాడీ మాట్లాడీ ఇంటిల్లిపాదికీ గొంతులు పెద్దవైపోయాయి. యంత్రం ఆగాక కూడా వాళ్లు ఉప్పు అందుకోమని అరుస్తారు. అందుకే ఆ ఇంటి రహస్యాలన్నీ వీధికి తెలుసు. వినకుండా ఉండే వీలు లేదు మరి.

పరుపులాయనకి పరుపులు గట్టిగా చెయ్యడం చేతకాదు. రిటైరైన డ్రిల్లు మాస్టారు వచ్చి, బల్లచెక్కలా ఉండాలయ్యా, వెన్ను నిటారుగా నిలవాలి అని చెప్పి వెళ్లాడు. పాపం ఒంటరి మనిషి, బల్ల మీద పడుకుని ఏం కలలు కంటాడు అనుకుని పరుపులాయన ఆ దూదిని ఇంకో విడత ఏకాడు. కొన్నాళ్లకి మాస్టారు పరుపు చుట్టించుకుని తిరిగొచ్చాడు. జన్మలో మొదటిసారి సూర్యుడు తనకన్నా ముందు లేచాడనీ, ఇది ఇలాగే సాగితే తను మనిషిగా పనికిరాననీ ఫిర్యాదు చేశాడు. గట్టిపరిచి ఇమ్మని పరుపు షాపులో వదిలి వెళ్లాడు. మర్నాటి నుంచే ఎప్పుడిస్తావని అడగడం మొదలెట్టాడు.

"చూద్దాంలే మాస్టారూ" అన్నాడు పరుపులాయన.

ఈ చూద్దాంలే ఆయన ఊతపదం. కాదు అనే మాట ఆయన నోరు దాటదు. చేదు మందు మింగమన్న పిల్లాడిలా మొహం పెట్టి, దాని బదులు చూద్దాంలే అంటాడు. షాపుకొచ్చేవాళ్లకి ఆ మాట సరే అన్నట్టు వినిపిస్తుంది. ఆయన పిల్లలకి మాత్రం అది మబ్బు పట్టిన ఆకాశం లాంటిది. పడితే వాన, లేకపోతే లేదు.

భార్య అలా కాదు. ఆవిడ పరుపుల పైగుడ్డలు కుడుతుంది. మాట కూడా కుట్టు లాగే ఉంటుంది, ఇటు దిగి అటు తేలుతుంది. ఆయన మెత్తదనానికీ ఈవిడ సూటిదనానికీ ఎలా కుదిరిందని ఎవరైనా అడిగితే, దూది ఒక్కటే ఉంటే పరుపవుతుందా, సూది కూడా ఉండాలిగా అంటుంది.

వాళ్లకి పిల్లలు ముగ్గురు. పెద్దది స్కూల్లో పాఠం విని వచ్చి ఇంట్లో అందరికీ మళ్లీ చెబుతుంది కాబట్టి టీచరమ్మ. రెండోవాడు తల కిటికీ వైపు పెట్టి పడుకుని, తెల్లారేసరికి తలుపు వైపు తేలతాడు కాబట్టి బొంగరం. మూడోది పుట్టినప్పుడు పిడికెడు ఉందని ఎవరో అన్నారు. ఐదో ఏడు వచ్చినా పేరు అలాగే ఉండిపోయింది. పిడికెడు.

ఇంక ఆ ఇంటి పరుపు గురించి చెప్పాలి. పెళ్లైన కొత్తలో ఆయన ఇద్దరికి సరిపడా నీలం చారల పరుపు చేశాడు. టీచరమ్మ పుట్టినప్పుడు ఇంకో పరుపు చెయ్యకుండా, పాత పరుపు పక్కనే ఎర్రగళ్ల గుడ్డతో ఒక పట్టీ చేసి అతికించాడు. విడిగా పడుకుంటే పసిదానికి బెంగ అన్నాడు. బెంగ ఎవరికో భార్యకి తెలుసు. బొంగరం వచ్చినప్పుడు ముదురు గోధుమరంగు పట్టీ కలిసింది. పిడికెడు వచ్చినప్పుడు ఆకుపచ్చ ఆకుల గుడ్డ కలిసింది. అది ఎవరో దంతవైద్యుడింట్లో కుర్చీలకి కుట్టగా మిగిలిన ముక్క. అలా బిడ్డ బిడ్డకీ పరుపు గదిలో జరుగుతూ జరుగుతూ, కిటికీ గోడ నుంచి అవతలి గోడ దాకా వచ్చేసింది. ఆ గదిలో నేల ఏ రంగో చిన్నపిల్లలిద్దరికీ తెలీదు.

అలాంటి సమయంలో ఆవిడకి మళ్లీ నెలలు నిండాయి.

"ఇక అతికించాలంటే గోడని కుట్టుకోవాలి" అందావిడ, ఒక మధ్యాహ్నం పొట్ట మీద గుడ్డ పరుచుకుని అంచు కుడుతూ. పొట్ట పెరిగాక ఆవిడకి దాన్ని మించిన బల్ల దొరకలేదు.

పిల్లలు ముగ్గురూ గోడ వైపు చూశారు. టీచరమ్మ పాఠం అందుకుంది. కొత్త పట్టీ రావాలంటే పాత పట్టీ ఒకటి పోవాలి. కుట్టు విప్పేటప్పుడు చివర వేసిన కుట్టు ముందు విప్పుతారు. చివర కుట్టింది ఆకుపచ్చది. కాబట్టి, అని ఆగి, తరగతిలో జవాబు కోసం చూసినట్టు చెల్లెలి వైపు చూసింది.

బొంగరం లెక్క అర్థమైందన్నట్టు తలాడించాడు. తనది గోధుమరంగు కదా, వాడికేం.

పిడికెడు ఏడవలేదు. షాపులోకి వెళ్లి, యంత్రం ఆగేదాకా నిలబడి, నాన్నని సూటిగా అడిగింది. "నాన్నా, నా పట్టీ విప్పుతావా?"

ఆయనకి విప్పాలని లేదు. విప్పకపోతే ఏం చెయ్యాలో కూడా తెలీదు. కూతురి జుట్టులో దూది ఏరుతూ చూద్దాంలే అన్నాడు. ఏరిన దానికన్నా ఎక్కువ దూది ఆయన చేతి నుంచే అంటుకుంది.

ఆ మాట మాత్రం అనకుండా ఉండాల్సింది. మబ్బు పట్టిందని పిల్లకి అర్థమైపోయింది. ఆ రోజు నుంచి పిడికెడు ఆకుపచ్చ పట్టీ దిగలేదు. గుడ్ల మీద పొదిగిన కోడిలా దాని మీదే కూర్చుని పాలు తాగింది, బొమ్మలు వేసుకుంది, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడింది. పక్క దులపాలని తల్లి లేపితే పట్టీ అంచు పట్టుకుని పక్కన నిలబడేది. ఒకసారి టీచరమ్మ పుస్తకం అక్కడ పెట్టబోతే, పుస్తకాన్ని రెండు వేళ్లతో ఎత్తి ఎర్రగళ్ల సరిహద్దు అవతల పెట్టింది. 

అదే వారంలో తల్లి ఆసుపత్రికి వెళ్లింది. ఇల్లు చూసుకోవడానికి ఆవిడ అక్క దిగింది. ఈ పెద్దమ్మ సిటీ బస్సు కండక్టరు. చీర మీద ఖాకీ చొక్కాతోనే వచ్చింది, మెడలో ఈలతోనే వచ్చింది. ఆవిడకి ఇల్లూ బస్సూ వేరు కావు. పిల్లల్ని భోజనానికి పిలిస్తే, త్వరగా ఎక్కండి, మెట్ల మీద నిలబడొద్దు అంటుంది. స్నానాల గది ముందు గొడవ పడితే దిగేవాళ్లని ముందు దిగనివ్వమంటుంది. ఇంతమంది ఒకే గదిలో ఎలా పడుకుంటారు వదినా అని పరుపులాయన దిగులుపడితే నవ్వింది. చోటు లేదన్న మాట తను ఉద్యోగంలో చేరాక ఒక్కసారి కూడా అనలేదంది.

పాప పుట్టిందని కబురొచ్చేసరికి పరుపులాయన యంత్రం దగ్గర ఉన్నాడు. ఉన్నపళంగా పరుగెత్తాడు. తల దులిపేవాళ్లు ఇంట్లో లేరు. ఆసుపత్రి వరండాలో నర్సు ఆయన్ని చూసి, కుర్చీ లాగి, చెయ్యి పట్టి కూర్చోబెట్టి, కంగారు పడకండి తాతగారూ, మనవరాలు బంగారంలా ఉంది అంది. ఆయనకి కాదనడం రాదు కదా. అవునమ్మా అన్నాడు. లోపల మంచం మీద నుంచి ఇదంతా విన్న భార్య, కుట్లు నొప్పెడుతున్నా ఆపుకోలేక నవ్వింది. తర్వాత ఆయన ఆసుపత్రిలో ఉన్నంతసేపూ ఆ నర్సు మెట్ల దగ్గర చెయ్యి అందిస్తూనే ఉంది, ఆయన పుచ్చుకుంటూనే ఉన్నాడు.

పాపని చేతుల్లోకి తీసుకుని ఆయన మెల్లగా పైకీ కిందకీ ఆడించాడు. దిండు కన్నా బరువుంది, పరుపు కన్నా చాలా తక్కువ అన్నాడు. పాప కళ్లు మూసుకునే ఆవలించింది. ఆ ఆవలింత ఎంత చిన్నదంటే, దానికి గాలి కూడా కదిలి ఉండదు. ఆయన మాత్రం తన కనుబొమల దూది దాని మీద రాలుతుందేమోనని మొహం పక్కకి తిప్పుకున్నాడు. 

"తూకం అయితే ఇటివ్వండి" అంది భార్య. పాపని ఒళ్లో సర్దుకుంటూ అడిగింది, ఇంట్లో దీనికి చోటు చేశారా అని.

ఆయన నోట్లో ఆ పాత మాట బయలుదేరింది. ఆవిడ చూపుతోనే ఆపేసింది. రేపొక్క రోజే ఉందనీ, ఎల్లుండి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తామనీ, పట్టీ ఎవరిదైనా విప్పేపనైతే ఆ పిల్లతో ముందు చెప్పి మరీ విప్పమనీ అంది. చెప్పకుండా చేస్తే మాత్రం ఊరుకోనంది.

చెప్పడం ఎలాగో ఆయనకి తెలీదు. ఇంటికొచ్చే దారంతా ఆలోచించాడు. ఎర్రగళ్లది విప్పుతానని టీచరమ్మతో చెబితే అది పాఠం చెబుతుంది. గోధుమరంగుది విప్పుతానంటే బొంగరం సరే అంటాడు, సరే అన్నాక, తనకంటూ చోటు లేదు కదా అని అందరి చోట్లలోనూ దొర్లుతాడు. ఆకుపచ్చ పట్టీ మీద కూర్చున్న పిల్ల మొహంలోకి చూసి ఏ మాటైనా అనగలిగే మనిషి కాదు తను. వీధి మలుపు తిరిగేసరికి ఆయనకొక ఉపాయం తట్టింది. ఎవరిదీ విడిగా విప్పకుండా, అన్నీ విప్పేస్తే? దూదంతా ఒక్కటి చేసి, ఒకే గుడ్డలో పోస్తే? అప్పుడు ఎవరి చోటూ పోలేదు కదా. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు కదా.

ఇంత గొప్ప ఆలోచన తనకి ఇంతకాలం ఎందుకు రాలేదా అని ఆశ్చర్యపోయాడు.

మర్నాడు పెద్ద పిల్లలిద్దరూ స్కూలుకి వెళ్లారు. పిడికెడు మాత్రం పరుపు దిగనంది. పెద్దమ్మ బేరం పెట్టింది. తనతో బస్సెక్కితే కండక్టరు సీటు పక్కన, కిటికీ దగ్గర కూర్చోబెడతానంది, ఒక్కసారి ఈల కూడా ఊదనిస్తానంది. ఈల దగ్గర పిల్ల మనసు కదిలింది. గుమ్మం దాటే ముందు వెనక్కి తిరిగి నాన్నని చూసింది. ఆయన గోడ గడియారం కేసి చూస్తూ నిలబడ్డాడు.

పిల్ల వీధి దాటగానే దబ్బనం తీశాడు. ఆ పెద్ద సూది మొనతో ఒక్కో కుట్టూ ఎత్తి తెంపాడు. గుడ్డలు విడిపోతుంటే ఇన్నేళ్ల నిద్ర బయటపడింది. తాము పడుకునే చోట దూది అణిగి, ఇద్దరి ఒంటి ఆకారాల్లో రెండు గుంటలు, మధ్యలో సన్నటి గట్టు. ఆ గట్టు గురించి భార్య ఎప్పుడో ఫిర్యాదు చేసింది. ఎర్రగళ్ల పట్టీ అంచులో పెన్సిలు ముక్కలు దూర్చి ఉన్నాయి. బొంగరం కింద దూదంతా సుడి తిరిగి ఒక మూలకి చేరింది. ఆకుపచ్చ పట్టీ విప్పినప్పుడు మాత్రం ఆయన చెయ్యి ఆగింది. అందులో దూది ఏకిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఇంత కాలం పడుకున్నా దాన్ని అణచగలిగేంత బరువు ఆ పిల్లకి లేదు. ఒక నిమిషం అలా చూశాడు. తర్వాత దాన్నీ కుప్పలో కలిపేశాడు.

యంత్రం తిరిగింది. షాపు నిండా తెల్లటి మబ్బు లేచింది. ఎవరి దూది ఎవరిదో తెలీకుండా గాల్లో కలిసి తిరిగి, కిటికీలోంచి పడే ఎండలో కాసేపు వేలాడి, మెల్లగా నేల మీదకి దిగింది. పరుపులాయన మధ్యలో నిలబడి, తన కుటుంబమంతా తల మీద రాలుతున్నట్టు, నోరు కాస్త తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. అందుకే ఆ తర్వాత చాలాసేపు దగ్గాడు.

సాయంత్రానికి పరుపు సిద్ధమైంది. లేత నీలం గుడ్డ, ఒకే గుడ్డ, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. గీత లేదు, అతుకు లేదు. చెరువులో ఆకాశం పడినట్టుంది. ఎంత బాగా ఏకాడంటే, అరచెయ్యి పెడితే మణికట్టు దాకా దిగిపోతోంది.

ముందు వచ్చింది బొంగరం. గుమ్మంలోంచే దూకి, ఇటు గోడ నుంచి అటు గోడకి దొర్లి, మళ్లీ ఇటు దొర్లి, స్వర్గానికొచ్చానని తేల్చాడు. టీచరమ్మ బూట్లు విప్పి, పరుపు చుట్టూ చూసి, నా సరిహద్దు ఏది అంది. సరిహద్దులు లేవమ్మా, అంతా అందరిదీ అన్నాడు తండ్రి గర్వంగా. అయితే వీణ్ని ఎవరు ఆపుతారు అని అడిగింది. 

పిడికెడు చివర వచ్చింది. బస్సులో ఊదిన ఈల సంగతి చెప్పాలని పరుగెత్తుకుంటూ వచ్చి, గుమ్మంలో ఆగిపోయింది. పరుపు మీద కాలు పెట్టలేదు.

"నాది విప్పేశావు" అంది.

"నీదొక్కటే కాదు తల్లీ, అందరివీ విప్పాను. ఎవరికీ విడిగా లేదిప్పుడు."

"అంటే నాది లేదు కదా."

 పరుపులాయనకి చూద్దాంలే అనడానికి కూడా చూడ్డానికేమీ మిగల్లేదు. పిల్ల తన దిండు వెతికి తీసుకుని, షాపులోకి వెళ్లి, మూలన చుట్టి పెట్టిన డ్రిల్లు మాస్టారి పరుపు ఎక్కి కూర్చుంది. తండ్రి గ్లాసుతో పాలు పట్టుకెళ్లాడు. అది తాగి, మూతి తుడుచుకుని, ఈ పరుపు ఎవరిది అని అడిగింది. చెప్పాడు.

"ఆయనకి పిల్లలున్నారా?"

"లేరమ్మా."

"అయితే చోటుంటుంది" అని, దిండు ఒళ్లో పెట్టుకుని వీధి వైపు చూస్తూ కూర్చుంది.

పెద్దమ్మ ఈ సంగతంతా చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ విని, కళ్లు తుడుచుకుని, నువ్వు చేసిన పని ఇదా మరిదీ అని పరుపులాయన్ని దులిపేసింది. బస్సులో టికెట్టు తీసుకుని కూర్చున్న మనిషిని లేపి, సీట్లే పీకేశాం, అందరూ సుఖంగా నిలబడండి అంటే ఊరుకుంటారా అని అడిగింది. ఆ రాత్రి పిల్ల నిద్రపోయాక ఆవిడే ఎత్తుకొచ్చి తన పక్కన వేసుకుంది. పొద్దున లేచి చూసుకుని, పిడికెడు మళ్లీ దిండుతో సహా షాపులోకి వెళ్లిపోయింది.

ఆదివారం కాబట్టి అందరూ ఇంట్లో ఉండగానే, మధ్యాహ్నం తల్లి వచ్చింది. రిక్షా దిగి, పాపని గుండెకి ఆనించుకుని షాపులోంచి నడిచొస్తూ, మూల ఉన్న కూతుర్ని చూసింది.  మొహం చిన్నబుచ్చుకుని వెనక నిలబడ్డ భర్తనీ చూసింది. గదిలోకి వెళ్లి నీలం పరుపుని చూసేసరికి ఆవిడకి మొత్తం అర్థమైపోయింది. చెప్పాల్సిన నాలుగు మాటలు తప్పించుకోవడానికి ఈ మనిషి ఇంత దూది ఏకాడు.

పాపని మెల్లగా పరుపు మీద పడుకోబెట్టింది. పాప దిగిపోయింది. పిండిలో వేసిన గింజలా, చుట్టూ నీలం గుడ్డ లేచి, ముక్కు మాత్రం పైకి కనిపించింది. తల్లి గబుక్కున ఎత్తేసుకుంది.

ఇంత మెత్తన పసిపిల్లకి పనికిరాదనీ, ఒక చోట దగ్గర దగ్గరగా కుట్లు దింపి బిగించి ఇమ్మనీ అంది. పరుపులాయన దబ్బనం, పురికొస పట్టుకుని తయారయ్యాడు. ఎక్కడ వెయ్యమంటావు అన్నాడు. బిగించిన చోటు మారదు కదా, చూసుకుని చెప్పమన్నాడు.

టీచరమ్మ మధ్యలో వెయ్యమంది, మధ్య అంటే అందరికీ సమాన దూరం. బొంగరం తలుపు దగ్గర వెయ్యమన్నాడు, ఏడిస్తే తీసుకెళ్లడం తేలిక. పెద్దమ్మ డ్రైవరు వెనక సీటు అంది, ఈ ఇంట్లో డ్రైవరెవరో మాత్రం చెప్పలేదు. తల్లి అందరి మాటా విని, షాపు వైపు తిరిగి గొంతు పెంచింది. ఆ ఇంట్లో గొంతు పెంచడమంటే వీధి చివర దాకా.

"పిడికెడూ, ఒకసారి రావే. నీతో పనుంది."

 షాపులోంచి పరుపు చుట్ట మీద బట్ట కదిలిన చప్పుడు వచ్చింది.

"బతిమాలడానికి పిలవట్లేదు. ఈ పరుపు మీద చిన్నగా ఉండటమెలాగో మాకెవరికీ గుర్తులేదు. మొన్నటి దాకా చిన్నదానివి నువ్వే. దీన్ని ఎక్కడ పడుకోబెట్టాలో నీకే తెలియాలి."

కాసేపటికి గుమ్మంలో దిండు కనిపించింది. దిండు వెనక పిల్ల. పాప వైపు చూడనట్టే చూసింది. తర్వాత పరుపు వైపు చూసింది.

మధ్యలో వద్దు, అంది. అక్కడికి అన్న కాలొస్తుంది. మొదట ఇటు వస్తుంది, తర్వాత అటు. తలుపు దగ్గరా వద్దు, పొద్దున నాన్న చూసుకోకుండా తొక్కుతాడు. కిటికీ కింద వద్దు, తెల్లవారుజామున చలిగాలి సరిగ్గా ముక్కు మీద పడుతుంది. అక్క పక్కన వద్దు, అక్క నిద్రలో ఎక్కాలు చెబుతుంది. టీచరమ్మ నేను చెప్పను అంది. చెబుతావు, ఏడో ఎక్కం తప్పు చెబుతావు అంది పిడికెడు. బొంగరం నవ్వి పడిపోయాడు.

మాట్లాడుతూ మాట్లాడుతూ పిల్ల పరుపు ఎక్కేసింది. ఎక్కినట్టు తనకే తెలీదు. మోకాళ్ల మీద పాకుతూ ఒక్కొక్కరి చోటూ అరచేత్తో తట్టి చూపించింది. అవతలి గోడ పక్కన పాప. పాప పక్కన అమ్మ. అమ్మకి ఈ పక్కన, అని ఆగి, ఎవరైనా కాదంటారేమోనని అందరి మొహాలూ చూసి, నేను అంది. ఎవరూ కాదనలేదు. తన తర్వాత అక్క, అక్క తర్వాత అన్న, అన్న ఎంత తిరిగినా అక్క దాటనివ్వదు. అక్కడికి కిటికీ గోడ వచ్చేసింది. గోడకీ బొంగరానికీ మధ్య సన్నటి చీలిక మిగిలింది.

పరుపులాయన వచ్చి ఆ చీలికలో పడుకుని చూశాడు. వెల్లకిలా పట్టలేదు. పక్కకి తిరిగితే పట్టాడు. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీక గోడకి ఆనించాడు.

"నిలబడే ప్రయాణం మరిదీ నీది" అంది పెద్దమ్మ. భార్య పాపని ఎత్తుకుని నవ్వడం మొదలెడితే, ఆ కుదుపుకి పాప కూడా ఒకసారి ఎక్కిళ్లు పెట్టింది.

చోటు తేలాక ఆయన గోడ పక్కన మోకాళ్లేసి దబ్బనం దింపాడు. పిడికెడు పురికొస ఉండ పట్టుకుని పక్కన కూర్చుంది. కుట్టు కుట్టుకీ దూది బిగుస్తూ, నీలం గుడ్డ మీద చిన్న చిన్న గళ్లు పడుతూ వచ్చాయి. కాసేపు చూసి, నాకూ వెయ్యి అంది. నువ్వు మునిగిపోవు కదమ్మా అన్నాడు. మునగడం గురించి కాదు, మళ్లీ మర్చిపోతావు అంది. ఆయన సూదిలో కొత్త దారం ఎక్కించాడు. పిల్ల తన చోట వెల్లకిలా పడుకుని, చేతులు బారజాపి, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా అని చూపించింది. చేతులు మరీ ఎక్కువ చాచకు అని టీచరమ్మ సరిహద్దు కాపాడుకుంది. ఆయన కూతురి చుట్టూ, వేళ్ల చివరలు తగలకుండా, ఒక వరస కుట్టు వేసుకుంటూ వచ్చాడు.

కుట్టు తల దగ్గరికొచ్చినప్పుడు పిల్ల కింద నుంచి ఆయన మొహంలోకి చూసింది. "ఇంకో పాప వస్తే ఇది విప్పుతావా?"

సూది ఆగింది. భార్య కూడా పాపకి పాలిస్తున్నదల్లా తలెత్తింది.

"విప్పను" అన్నాడు పరుపులాయన.

ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు. గట్టిగా వచ్చింది, ఆ ఇంట్లో మాట్లాడే లెక్కకి కూడా గట్టిగా. ఇంకో పాప సంగతి మాత్రం ఆయన్ని అడక్కు, ఆ జవాబు నేను చెబుతా అంది భార్య. పెద్దమ్మ ఈల నోట్లో పెట్టుకుంది గానీ, పసిపిల్ల గుర్తొచ్చి ఊదలేదు.

ముడి వేసి దారం తెంపాక, పాపని తన గళ్ల చోట పడుకోబెట్టారు. ఈసారి మునగలేదు. తల్లి పక్కన ఒరిగింది. పిడికెడు తల్లి మీదుగా మెడ చాచి రెండు చోట్లనీ కళ్లతో కొలిచింది. పాపది చిన్నదే. తృప్తిపడి తన గీతలోకి వచ్చి పడుకుంది. పడుకున్నది మళ్లీ లేచింది. అమ్మని దాటి పాకి, పాప పక్కన బోర్లా పడుకుని చూడసాగింది. నిద్రలో పాప కాలు చాపింది. గోరింత మడమ కుట్టు దాటి ఇవతలికొచ్చింది. పిడికెడు ఒక వేలితో దాన్ని లోపలికి తోసింది. మళ్లీ వచ్చింది. మళ్లీ తోసింది. మూడోసారి వచ్చినప్పుడు వేలు తీయకుండా మడమ కిందే ఉంచింది.

"దీనికి గీతలు తెలీవు" అంది తల్లితో, మొదటిసారి మెల్లగా మాట్లాడుతూ. "రేపటి నుంచి నేర్పిస్తాను."